పాత కంప్యూటర్‌లో లైనక్స్: ఎక్కడ ఆగిందో చూస్తే ఏ భాగం మొరాయిస్తోందో తెలుస్తుంది

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా పడాలంటే ఇంటెల్‌లో 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే ఎక్కనిచ్చే ఏర్పాటు) ఉండాలి. 2017కు ముందు కొన్న సిస్టమ్‌లు దాదాపు అన్నీ ఈ గీతకు అవతలే మిగిలిపోయాయి. రూఫస్ అనే బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్‌తో ఆ తనిఖీలను దాటించి విండోస్ 11 వేసుకునేవాళ్లు ఉన్నారు. అయితే 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాలు లేకపోతే అది బూట్ కూడా కాదు. కోర్ 2 డ్యుయోలో ఈ రెండూ లేవు. అలాంటి మిషన్‌ను ఇంటర్నెట్‌కు కలిపి భద్రంగా వాడుకోవాలంటే మిగిలేది ప్రధానంగా లైనక్సే, అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్.

వేసేటప్పుడు ఎక్కడో ఆగిపోతే ‘ఈ ల్యాప్‌టాప్‌కు లైనక్స్ పడదు’ అని తేల్చేస్తుంటారు. మొత్తం ల్యాప్‌టాప్‌కు పడకపోవడం చాలా అరుదు. పడనిది సాధారణంగా ఒక్క చిప్పో, బయోస్‌లో (కంప్యూటర్‌ను మొదట లేపే బోర్డు ప్రోగ్రామ్‌లో) ఒక్క సెట్టింగో అయి ఉంటుంది. అది ఏదో కనుక్కోవడానికి ఊహలు అక్కర్లేదు, బూటింగ్ ఏ దశలో ఆగిందో చూస్తే చాలు. పెన్‌డ్రైవ్ పేరే మెనూలో రాకపోతే అది బయోస్ సంగతి. మెనూ వచ్చి తర్వాత తెర నల్లబడితే గ్రాఫిక్స్. డెస్క్‌టాప్ వచ్చి హార్డ్‌డిస్క్ కనిపించకపోతే సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి). అంతా అయ్యి రీస్టార్ట్ చేశాక ‘బూట్ డివైస్ దొరకలేదు’ అంటే యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి), లెగసీ (పాత పద్ధతి) మధ్య తికమక. ఈ నాలుగింటినీ కలిపేసి ఒకేసారి అన్ని సెట్టింగ్‌లూ మార్చేస్తే, బాగయినా దేనివల్ల బాగయిందో తెలియదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

డిస్క్ చెరపకముందే తెలుసుకోవాల్సినవి

మొదటి ప్రశ్న ప్రాసెసర్ 64-బిట్‌దా కాదా. 2008 ప్రాంతపు నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270, అంతకుముందు కోర్ డ్యుయో (కోర్ 2 కాదు) 32-బిట్ మాత్రమే. లైనక్స్ రకాలైన ఉబుంటు, మింట్ 32-బిట్‌ను వదిలేశాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో కూడా 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు. ఈ ప్రాసెసర్లకు డెబియన్ 12, లేదా దాని ఆధారంగా చేసిన యాంటిఎక్స్ 23 వంటివే దారి. ఇక 64-బిట్ అయినంత మాత్రాన అన్నీ పడతాయనుకోకూడదు. రెడ్‌హ్యాట్ 9, దాని దారిలో నడిచే ఆల్మా 9 ఎస్‌ఎస్‌ఈ 4.2 ఉన్న ప్రాసెసర్‌ను అడుగుతాయి కాబట్టి కోర్ 2 డ్యుయోలో నడవవు. మింట్, డెబియన్‌లకు ఆ పట్టింపు లేదు.

ర్యామ్ విషయంలో మింట్ చెప్పే కనీసం 2 జీబీ, హాయిగా నడవాలంటే 4 జీబీ. డెస్క్‌టాప్ ఎంత తేలికదైనా బ్రౌజర్ బరువు తగ్గదు. 2 జీబీ సిస్టమ్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ వేసినా పది ట్యాబ్‌లు తెరిస్తే మొరాయిస్తుంది. అందుకే చాలామంది ముందుగా ర్యామ్ కొంటారు, డబ్బు వృథా అయ్యేది కూడా అక్కడే. ఇంటెల్ 945 చిప్‌సెట్ బోర్డులో 4 జీబీ పెట్టినా వాడకానికి వచ్చేది 3 జీబీకి కాస్త పైన మాత్రమే. ఆ చిప్‌సెట్ చిరునామా హద్దు అంతే, 64-బిట్ ఓఎస్ వేసినా మారదు. జీ41 బోర్డులకు, మొదటి తరం కోర్ ఐ3, ఐ5 ల్యాప్‌టాప్‌లకు ఇంకో చిక్కుంది. వాటి మెమరీ కంట్రోలర్ 2 గిగాబిట్ చిప్‌ల వరకే చదవగలదు. 4 జీబీ డీడీఆర్3 స్టిక్ కొనేటప్పుడు రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదే తీసుకోవాలి. లేబుల్ మీద ‘2ఆర్‌ఎక్స్8’ అని ఉంటుంది. ఎనిమిదే చిప్‌లున్న ‘1ఆర్‌ఎక్స్8’ కొత్త స్టిక్ పెడితే సిస్టమ్ బీప్ కొట్టడమో, అసలు తెర రాకపోవడమో జరుగుతుంది. షాపువాళ్లు స్టిక్ బాగానే ఉందంటారు, అదీ నిజమే. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే ‘ఏఎండీ ఓన్లీ’ 4 జీబీ డీడీఆర్2 స్టిక్‌లు ఇంటెల్ బోర్డుల్లో పనిచేయవు. పాత స్టిక్, కొత్త స్టిక్ కలిపి వాడుతుంటే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్షను రాత్రంతా నడపాలి. ఇన్‌స్టాలేషన్ ఒక్కోసారి ఒక్కో చోట, ఒక్కో రకం ఎర్రర్‌తో ఆగుతుంటే ముందుగా అనుమానించాల్సింది ర్యామ్‌నే.

హార్డ్‌డిస్క్‌ను స్మార్ట్ వివరాలతో (డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే అంకెలతో) పరీక్షించాలి. మింట్ లైవ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపే మింట్‌లో) ‘డిస్క్స్’ అనే అప్లికేషన్‌లోనే అవి కనిపిస్తాయి. 5వ నంబరు (రీఎలోకేటెడ్ సెక్టర్లు), 197 (పెండింగ్ సెక్టర్లు) రెండూ సున్నా ఉండాలి. 197లో అంకె పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఏ ఓఎస్ వేసినా నెలల ముచ్చటే. 199 పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, సాటా కేబుల్ మార్చి చూడాలి. ఎలాగూ పాత సిస్టమ్‌కు ప్రాణం పోసేది ఎస్‌ఎస్‌డీయే. సాటా 2 పోర్టులో సెకనుకు 250 ఎంబీ దగ్గర ఆగిపోయినా హార్డ్‌డిస్క్‌తో పోలిస్తే తేడా మొదటి బూట్‌లోనే తెలుస్తుంది. ఎస్‌ఎస్‌డీ పెడితే ఇంకో మేలుంది: పాత డిస్క్‌ను ఫొటోలు, పత్రాలు సహా అలాగే తీసి పక్కన పెట్టుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ నుంచి డెస్క్‌టాప్ దాకా

మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైల్) 3 జీబీకి అటూఇటూ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. దించుకున్న ఫైల్ షా256 సంఖ్యను (ఫైల్ పాడవలేదని తేల్చే గుర్తును) సైట్‌లో ఉన్నదానితో సరిచూడాలి. నెట్ మధ్యలో తెగి సగం పాడైన ఐఎస్ఓ, హార్డ్‌వేర్ లోపంలాగే కనిపించి గంటలు తినేస్తుంది. పాత బోర్డుల్లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు నుంచి బూట్ కాకపోవడం మామూలే. నల్ల పోర్టులో, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పెట్టి చూడాలి. యూఎస్‌బీ బూటే ఎరగని బయోస్ అయితే డీవీడీ రాసుకోవాలి.

బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు. ఒకదానికి ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఆ ఎంపిక చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాత వచ్చే బూట్ సమస్యల్లో సగం ఇక్కడే పుడతాయి. ఉన్న విండోస్‌ను ఉంచి పక్కన లైనక్స్ వేయాలంటే రెండూ ఒకే పద్ధతిలో ఉండాలి. విండోస్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ‘బయోస్ మోడ్’ ఎదురుగా లెగసీ అనో యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో బూట్ చేయాలి. లెగసీ విండోస్ పక్కన యూఈఎఫ్ఐ లైనక్స్ వేస్తే గ్రబ్ (ఏ ఓఎస్‌ను బూట్ చేయాలో అడిగే ప్రోగ్రామ్) మెనూలో విండోస్ కనిపించదు. డేటా పోలేదు, కానీ పోయిందని కంగారుపడి ఫార్మాట్ చేసేవాళ్లున్నారు. లెగసీ బయోస్‌లోనే జీపీటీ (కొత్త పార్టిషన్ పద్ధతి) డిస్క్ వాడాలనుకుంటే, 1 ఎంబీ పరిమాణంతో ‘బయోస్ బూట్’ పార్టిషన్ ఒకటి చేయాలి. లేకపోతే గ్రబ్ ఎక్కదు.

2014-2016 మధ్య మన మార్కెట్‌లో పది వేల రూపాయల చుట్టుపక్కల దొరికిన చిన్న ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ ఆటమ్ జెడ్3735ఎఫ్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ (బోర్డుకే అతికించిన నిల్వ చిప్) ఉండేవి. వీటి ప్రాసెసర్ 64-బిట్, యూఈఎఫ్ఐ మాత్రం 32-బిట్. 64-బిట్ బూట్ ఫైల్ మాత్రమే ఉన్న ఐఎస్ఓను అవి గుర్తించవు. 32-బిట్ బూట్ ఫైల్ కూడా ఉన్న డెబియన్ ఇన్‌స్టాలర్ వాడితే నేరుగా ఎక్కుతుంది. ఈ చిప్‌లకే ఇంకో పాత రోగం, ఉన్నట్టుండి గడ్డకట్టుకుపోవడం. ప్రాసెసర్ లోతైన నిద్ర స్థితిలోకి వెళ్లి తిరిగి లేవకపోవడం దానికి కారణం. బూట్ లైన్‌లో ‘ఇంటెల్ ఐడిల్ మ్యాక్స్ సీస్టేట్’ (intel_idle.max_cstate) విలువను 1గా పెడితే ఆగిపోతుంది. బ్యాటరీ కాస్త త్వరగా అయిపోతుంది, అంతే.

మెనూ దాటాక తెర నల్లబడితే గ్రబ్‌లో ఇంగ్లీషు ‘e’ అక్షరం నొక్కి, ‘లైనక్స్’ (linux) అని మొదలయ్యే వరుస చివర ‘క్వైట్ స్ప్లాష్’ (quiet splash) తీసేసి ‘నోమోడ్‌సెట్’ (nomodeset) అని చేర్చి ఎఫ్10 నొక్కాలి. మింట్ మెనూలో ఉండే ‘కంపాటిబిలిటీ మోడ్’ కూడా ఇలాంటి పనే చేస్తుంది. ఇది ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వాడే దొడ్డిదారి మాత్రమే. అలాగే శాశ్వతంగా వదిలేస్తే గ్రాఫిక్స్ చిప్ పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది, వీడియో నత్తనడక నడుస్తుంది, కొన్నింటిలో వెలుతురు తగ్గించే కీలు కూడా పనిచేయవు.

గ్రాఫిక్స్‌లో ఇంటెల్ సొంత చిప్‌లు దాదాపు గొడవ చేయవు. మినహాయింపు ఆ కంపెనీ బయటి డిజైన్ వాడిన జీఎమ్ఏ 500, ఆటమ్ ఎన్2600తో వచ్చిన జీఎమ్ఏ 3600. వీటికి సరైన 3డీ డ్రైవర్ లేదు, రాదు కూడా. సిస్ 671, వయా క్రోమ్9 ఉన్న పాత బోర్డుల పరిస్థితీ దాదాపు అదే. వీటి మీద డబ్బు పెట్టకపోవడం మంచిది. ఎన్విడియా పాత కార్డులకు కంపెనీ డ్రైవర్లు శ్రేణులవారీగా ఉంటాయి: జీఫోర్స్ 8, 9, 200 వరుసలకు 340, ఆ తర్వాతి 400, 500 వరుసలకు 390. మొదటిది 2019తో, రెండోది 2022తో ఆగిపోయాయి, కొత్త కెర్నల్‌తో (లైనక్స్ మూల భాగంతో) అవి కుదరవు. ఈ కార్డులకు కెర్నల్‌తోపాటే వచ్చే నూవో డ్రైవర్‌నే నమ్ముకోవాలి. డెస్క్‌టాప్ పనికి అది చాలు. ఎక్కడో దొరికిన 340 డ్రైవర్‌ను పట్టుబట్టి ఎక్కిస్తే తర్వాతి కెర్నల్ అప్‌డేట్‌కే నల్ల తెర గ్యారంటీ.

యూట్యూబ్ ఆగి ఆగి రావడాన్ని డ్రైవర్ లోపంగా పొరబడుతుంటారు. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 వీడియో. పాత చిప్‌లు వాటిని సొంతంగా విప్పలేవు, భారం ప్రాసెసర్‌దే. బ్రౌజర్‌లో పాత హెచ్264 రకం వీడియోనే తెప్పించే ‘హెచ్264ఐఫై’ ఎక్స్‌టెన్షన్ వేసి 480పీలో చూస్తే కోర్ 2 డ్యుయో మీద కూడా సాఫీగా నడుస్తుంది.

వైఫై: మోడల్ పేరు కాదు, చిప్ నంబరు

అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది వైఫై. ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతికితే ఇక్కడ దారి తప్పుతాం, ఎందుకంటే ఒకే మోడల్‌లో కంపెనీ రెండు మూడు రకాల కార్డులు అమర్చి ఉంటుంది. డెల్ వైర్‌లెస్ 1704 కార్డులో బ్రాడ్‌కామ్ చిప్, 1705లో ఎథెరాస్ చిప్. మొదటిదానికి విడిగా డ్రైవర్ కావాలి, రెండోది పెట్టగానే నడుస్తుంది. పేరులో తేడా ఒక్క అంకె.

లైవ్ డెస్క్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఆదేశానికి ‘ఎన్ఎన్‌కే’ ఆప్షన్ చేర్చి (lspci -nnk) నడిపితే ప్రతి చిప్‌కూ బ్రాకెట్లలో నాలుగు, నాలుగు అక్షరాల జంట నంబరు కనిపిస్తుంది. ముందు నాలుగూ తయారీదారు, తర్వాతి నాలుగూ చిప్. దాని కిందే ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస ఉంటుంది. ఆ వరుస ఉంటే డ్రైవర్ ఎక్కినట్టు. ఉండీ వైఫై రాకపోతే ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైల్ లేకపోయి ఉండవచ్చు, అలాగైతే ‘డీమెసేజ్’ (dmesg) లాగ్‌లో ‘ఫర్మ్‌వేర్’ (firmware) అనే మాట వెతికితే ఏ ఫైల్ లేదో పేరుతో సహా రాసి ఉంటుంది. ఆ వరుసే లేకపోతే డ్రైవర్ వేయాలి. వెతకాల్సింది ఆ ఎనిమిది అక్షరాల నంబరుతోనే.

బ్రాడ్‌కామ్‌లో చిప్ నంబరు 4365 (43142 కార్డు) అయితే కంపెనీ సొంత ‘డబ్ల్యూఎల్’ డ్రైవరే గతి. మింట్‌లో ‘డ్రైవర్ మేనేజర్’ దాన్ని చూపిస్తుంది. 4727 (4313 కార్డు) కెర్నల్‌లోని డ్రైవర్‌తోనే పనిచేస్తుంది. 4315 (4312 కార్డు)కు ‘బీ43’ డ్రైవర్, దానికి విడిగా ఫర్మ్‌వేర్ కావాలి. డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పడం తేలిక: ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే ఏ డ్రైవర్ అవసరం లేకుండానే నెట్ వస్తుంది. కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది కాకుండా చూసుకోవాలి.

డ్రైవర్ వేశాక కూడా వైఫై రాకపోతే సెక్యూర్ బూట్ చూడాలి. బయటి నుంచి వచ్చి మన సిస్టమ్‌లో తయారయ్యే డ్రైవర్‌కు సంతకం ఉండదు, సెక్యూర్ బూట్ దాన్ని ఎక్కనివ్వదు. ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ అడిగి, రీస్టార్ట్‌లో నీలం తెర మీద ‘ఎన్‌రోల్ మాక్’ (Enroll MOK, ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని నమోదు చేయడం) అని చూపిస్తుంది. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. దాన్ని చూడకుండా దాటేయడం వల్లే ‘డ్రైవర్ వేసినా రాలేదు’ అనే ఫిర్యాదు వస్తుంది.

రియల్‌టెక్ 8723బీఈలో సమస్య వేరు. నెట్‌వర్క్‌లు కనిపిస్తాయి, రౌటర్ పక్కన కూర్చుంటేనే కలుస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కార్డుకున్న రెండు యాంటెనా పిన్నుల్లో ఒకదానికే తీగ తగిలించారు, డ్రైవర్ రెండోదాన్ని వాడుతోంది. డ్రైవర్‌కున్న ‘యాంట్ సెల్’ (ant_sel) ఆప్షన్‌ను 1 గానో 2 గానో పెడితే సిగ్నల్ ఒక్కసారిగా నిండుతుంది. ఇవన్నీ వద్దనుకుంటే లైనక్స్ మద్దతు ఉందని నంబరుతో నిర్ధారించుకున్న చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి కొనుక్కోవడం సులువు.

రీస్టార్ట్ తర్వాత

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో సాటా మోడ్ ‘రెయిడ్’ లేదా ‘ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ’ అని ఉందేమో చూసి ఏహెచ్‌సీఐ (AHCI) మోడ్‌కు మార్చాలి. విండోస్ కూడా ఉంటే ముందుగా దాన్ని సేఫ్ మోడ్‌కు సిద్ధం చేసి, తర్వాత మార్చాలి. లేకపోతే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ కూడా తీసేయాలి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, ఆ డ్రైవ్‌లను లైనక్స్ చదవగలదు గానీ వాటి మీద రాయనివ్వదు.

కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు విండోస్ బూట్ ఫైల్‌ను తప్ప దేన్నీ పట్టించుకోవు. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ‘బూట్’ ఫోల్డర్‌లో ‘బూట్‌ఎక్స్64’ (bootx64.efi) పేరుతో గ్రబ్ కాపీ ఒకటి ఉంచితే చాలావాటిలో తీరిపోతుంది. ఏసర్‌లో అయితే బయోస్‌కు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితేనే ‘ఈ ఫైల్‌ను నమ్ము’ అనే ఆప్షన్ తెరుచుకుంటుంది. అక్కడ గ్రబ్ ఫైల్‌ను ఎంచుకోవాలి, పని అయ్యాక పాస్‌వర్డ్ తీసేయవచ్చు.

అప్‌డేట్ చేయబోతే ‘రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు’ అనో, బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ తప్పు అనో వస్తే గడియారం చూడాలి. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ (సీఆర్2032) అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సాటా మోడ్ వంటి సెట్టింగ్‌లు కూడా దాంతోపాటే పాతవాటికి వెళ్లిపోతాయి. అందుకే నిన్న పనిచేసిన సిస్టమ్ ఈ రోజు బూట్ కాదు. కొన్ని పదుల రూపాయల బ్యాటరీ అది, పాత డెస్క్‌టాప్ అయితే ముందే మార్చేయడం మంచిది.

సిస్టమ్ సరే, దానికి తగిలించేవి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటుంది. హెచ్‌పీ లైనక్స్ డ్రైవర్ ‘హెచ్‌పీలిప్’తోపాటు దాని ప్లగిన్ కూడా వేస్తేనే ప్రింట్ వస్తుంది. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ పేరు కనిపిస్తుంది, కాగితం కదలదు. కానన్ ఎల్‌బీపీ2900 అంతకంటే మొండిది. అది క్యాప్ట్ అనే కానన్ సొంత భాష తప్ప వినదు. కంపెనీ పాత డ్రైవర్ 64-బిట్ సిస్టమ్‌లో కూడా 32-బిట్ లైబ్రరీలు అడుగుతుంది, వాటిని విడిగా వేయాలి. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకపు టోకెన్ మీద పని నడిచే చోట వాటి లైనక్స్ డ్రైవర్ చేతికొచ్చి, లైవ్ సెషన్‌లో పనిచేశాకే డిస్క్ జోలికి వెళ్లాలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసే సిస్టమ్‌ను మార్చకుండా, నెట్ తీసేసి విండోస్‌లోనే ఉంచడం మేలు. యూనికోడ్ తెలుగుకు మాత్రం ఏ లోటూ లేదు: ఐబస్‌లో (భాషల కీబోర్డులు మార్చే ప్రోగ్రామ్‌లో) ఎమ్17ఎన్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులు రెండూ వస్తాయి.

అంతా కుదిరాక కెర్నల్ అప్‌డేట్ ఒక్కటి జాగ్రత్తగా చూసుకోవాలి. విడిగా వేసిన బ్రాడ్‌కామ్ వంటి డ్రైవర్ కొత్త కెర్నల్‌తో తయారు కాకపోతే వైఫై మాయమవుతుంది. గ్రబ్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరిచి పాత కెర్నల్‌తో బూట్ చేస్తే తిరిగి వస్తుంది. కనీసం ఒక పాత కెర్నల్‌ను తీసేయకుండా ఉంచుకుని, మింట్ అప్‌డేట్ మేనేజర్‌లో ఆ కొత్త వరుసను వదిలేసి, డ్రైవర్ ప్యాకేజీకి కొత్త వెర్షన్ వచ్చాక మళ్లీ ప్రయత్నించాలి.